కువైట్ తెలుగు సంఘంలో సేవ: విశ్రాంత దంపతులు తమ వారాన్ని ఎలా అమర్చుకోవాలి

ఉద్యోగ విరమణ చేసి, పిల్లల పెళ్లిళ్లు ముగించుకొని, ఒంట్లో సత్తువ ఉండగానే కొన్ని నెలలైనా ప్రభువు పనికి ఇవ్వాలని తలచే దంపతులు కడప ప్రాంతపు సంఘాలలో ఇప్పుడు తరచుగా కనిపిస్తున్నారు. వారిలో కొందరికి కువైట్‌లోని తెలుగు క్రైస్తవ సంఘాల నుండి పిలుపు వస్తోంది. రాజంపేట, రాయచోటి, బద్వేలు, పులివెందుల చుట్టుపక్కల పల్లెలలో కువైట్‌లో మనిషి లేని వీధి అరుదు గనుక ఈ పిలుపు సహజమైనదే. అక్కడి సంఘంలో ఎక్కువమంది అరబ్బుల ఇళ్లలో వంటపని, పిల్లల పని చేసే ఆడవాళ్లు; తరువాత డ్రైవర్లు, దుకాణాలలోనూ కట్టడాల మీదా పనిచేసేవారు. వారం మొత్తంలో వారికి తమదని చెప్పుకోగల సమయం కొద్ది గంటలు మాత్రమే ఉంటుంది. ఆ కొద్ది గంటలు ఎప్పుడు వస్తాయో తెలుసుకొని, వాటి చుట్టూ మీ వారాన్ని అమర్చుకోవడం మీరు మొదట నేర్చుకోవలసిన పని. ప్రసంగాలు చేయగలవారు అక్కడ చాలామంది ఉన్నారు, తొందర లేకుండా కూర్చొని వినగల పెద్దవాళ్లు మాత్రం తక్కువ.

బయలుదేరే ముందు

పిలిచే సంఘం నుండి రాతపూర్వకమైన ఆహ్వానం తీసుకోండి. మీరు ఏ వీసా మీద వస్తున్నారు, ఆ వీసా మీద సంఘంలో ఏ పని చేయవచ్చు, ఏది చేయకూడదు, బస ఎక్కడ, వైద్య బీమా ఎవరు కడతారు అన్న నాలుగు విషయాలు ఆ ఉత్తరంలో స్పష్టంగా ఉండాలి. బంధువుల దగ్గరికి చూడడానికి వచ్చినట్టు చెప్పి సేవ చేయవచ్చని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. పరాయి దేశంలో దేవుని పనిని అబద్ధంతో మొదలుపెట్టకూడదు, పైగా చిక్కు వచ్చినప్పుడు దాని బరువు మిమ్మల్ని పిలిచిన సంఘం మీద కూడా పడుతుంది. మీ సొంత పాస్టరేటు (ఒక కాపరి కింద ఉన్న సంఘాలు) నుండి పరిచయ పత్రం, మీ డయాసిస్ (బిషప్పు పరిధి) అనుమతి కూడా తీసుకుంటే, అక్కడ మీ మాటకు ఒక ఆధారం ఉంటుంది.

రెండవ పని అందరూ మరచిపోయేది. వెళ్లే సంఘంలో ఉన్నవారి ఊర్ల జాబితా ముందుగానే తెప్పించుకొని, వీలైనన్ని ఇళ్లకు ఇద్దరూ కలిసి వెళ్లండి. కువైట్‌లో ఉన్న కూతురు రెండేళ్లుగా ఫోనులో చూస్తున్న తల్లిని మీరు ఎదురుగా కూర్చొని చూసి, ఆమె మోకాళ్ల నొప్పి ఎలా ఉందో, ఇంటి స్లాబు ఎంతవరకు వచ్చిందో, పిల్లవాడు బడికి సరిగా పోతున్నాడో లేదో తెలుసుకొని వెళితే, అక్కడి మొదటి శుక్రవారమే మీరు ఆ కూతురికి ‘పెద్దమ్మ’, ‘పెద్దనాయన’ అవుతారు. ఏ పరిచయ పత్రమూ ఇవ్వలేని చనువు ఇది.

అయితే ఆ ఇళ్ల నుండి వార్త తీసుకొని వెళ్లండి గాని పొట్లం తీసుకొని వెళ్లకండి. పచ్చడి సీసా అయినా, మందుల కవరు అయినా, బట్టల మూట అయినా, లోపల ఏముందో మీ చేతులతో మీరు కట్టనిది మీ పెట్టెలోకి రాకూడదు. తెలిసినవారు ఇచ్చిన పొట్లంలో గంజాయి ఉందని విమానాశ్రయంలో బయటపడి, ఏ పాపమూ ఎరుగనివారు గల్ఫ్ జైళ్లలో మగ్గిన సంగతులు మన జిల్లాలో కొత్త కాదు. బాధపడతారని మొహమాటపడకుండా, “సంఘం పెట్టిన నియమం అమ్మా, మేము ఎవరిదీ తీసుకుపోకూడదు” అని మొదటే చెప్పండి. మీ సొంత పెట్టెలో కూడా గసగసాలు ఉండకూడదు. మన వంటింట్లో అది మసాలా దినుసు, గల్ఫ్ దేశాలలో మత్తుపదార్థాల కిందికి వస్తుంది. ద్రాక్షారసం కూడా పెట్టుకోకండి. కువైట్‌లో మద్యం నిషేధం గనుక, ప్రభు బల్లకు పులియని ద్రాక్షరసమే వాడాలి.

మందులు కనీసం మూడు నెలలకు సరిపడా, కొన్న పట్టీలలోనే ఉంచి, డాక్టరు సంతకంతో ఉన్న చీటీతో కలిపి చేతిసంచిలో పెట్టుకోండి. నిద్రమాత్రలు, బలమైన నొప్పిమాత్రలు వాడేవారు అవి అక్కడ అనుమతి ఉన్నవో కాదో ముందే విచారించాలి.

ఇంటి పనులలో పింఛను ముఖ్యం. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. రాష్ట్ర పింఛనుదారులు ట్రెజరీ ప్రకటించే నెలలు చూసుకోవాలి. 2014లో మొదలైన జీవన్ ప్రమాణ్ పద్ధతిలో ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి కూడా ఇవ్వవచ్చు గనుక, ఇంట్లో ఉండగానే ఒకసారి చేసి అలవాటు పడండి. బ్యాంకు ఓటీపీలు వచ్చే ఇండియా సిమ్‌కు అక్కడ కూడా సందేశాలు అందే ఏర్పాటు చేసుకొని, గడువు ముగియకుండా రీచార్జి చేయించే బాధ్యత ఒక బిడ్డకు అప్పగించండి. నగలు లాకరులో, తాళాలు నమ్మకమైన పొరుగింట్లో, గ్యాస్ రెగ్యులేటరు తీసి పక్కన పెట్టడం వంటివి మీకు చెప్పనవసరం లేదు.

వారానికి తలవాకిలి శుక్రవారం

కువైట్‌లో వారాంతం శుక్ర, శనివారాలు. 2007 వరకు గురు, శుక్రవారాలుగా ఉండి, ఆ ఏడు మారింది. ఆదివారం అక్కడ బడులు, కార్యాలయాలు నడిచే మామూలు పనిదినం. అందుచేత సంఘాల ప్రధాన ఆరాధన శుక్రవారం జరుగుతుంది. అరవై ఏళ్లు ఆదివారం గంట విని గుడికి వెళ్లిన మనిషికి ఈ మార్పు మొదటి కొన్ని వారాలు మనసుకు ఎక్కదు. ఆదివారం ఉదయం ఇద్దరూ ఇంట్లో కూర్చొని ఒక ఆంధ్ర క్రైస్తవ కీర్తన పాడుకొని, వాక్యం చదువుకొని, ఆ రోజును మీ సొంత విశ్రాంతి దినంగా ఉంచుకోండి. దీనివల్ల మనసుకు వెలితి తీరుతుంది, వారానికి ఒక సెలవు కూడా నిలబడుతుంది.

కువైట్ నగరంలోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ప్రాంగణంలో అనేక దేశాల, అనేక భాషల సంఘాలు వేర్వేరు హాళ్లలో, గంటల వారీగా ఆరాధిస్తాయి. ఆ గుడిని 1931లో కట్టారు. కట్టినది అమెరికాలోని రిఫార్మ్డ్ చర్చి పంపిన అరేబియన్ మిషన్. అదే రిఫార్మ్డ్ చర్చి ఆర్కాటు మిషన్ పేరుతో మదనపల్లెలో బడులు, ఆసుపత్రులు నడిపింది, ఆ మదనపల్లె 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు కడప జిల్లాలోనే ఉండేది. ఇంత దూరం వచ్చి చేరిన గుడికీ మన నేలకూ ఈ పాత బంధుత్వం ఉందని తెలిస్తే మీకూ ధైర్యంగా ఉంటుంది, అక్కడి యువకులకు చెప్పినా సంతోషిస్తారు.

హాలు గంటల లెక్కన దొరుకుతుంది గనుక మీ శుక్రవారానికి క్రమశిక్షణ ఉండాలి. మీ తరువాత మలయాళీలో, తమిళులో, ఫిలిప్పీనులో బయట వేచి ఉంటారు. ప్రసంగం మీకు అప్పగిస్తే ఇరవై ఐదు నిమిషాలకు ముగించండి. ఆరాధన తరువాత హాలులో నిలబడి మాట్లాడే అవకాశం ఉండదు కాబట్టి, ఆవరణలోనో దగ్గరలోనో కలుసుకునే ఒక చోటును ముందుగా ప్రకటించండి. మన వాళ్లలో చాలామంది శుక్రవారం కువైట్ నగరంలోని మాలియా ప్రాంతానికి చేరతారు. డబ్బు పంపడం, ఊరివాళ్లను చూడడం, సామాను కొనడం అన్నీ అక్కడే జరుగుతాయి. ఆరాధనకు రానివారిని కూడా మీరు అక్కడ కలుస్తారు, కాబట్టి శుక్రవారం సాయంత్రం రెండు గంటలు అక్కడికి కేటాయించండి.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. శుక్రవారం అందరికీ సెలవు అనుకోకండి. యజమాని కుటుంబానికి అది విందుల రోజు, బయట తిరిగే రోజు. వంటమనిషికి, డ్రైవరుకు ఆ రోజే పని ఎక్కువ. శుక్రవారం హాజరును చూసి “ఫలానావాళ్లు చల్లబడిపోయారు” అని ఎవరైనా అంటే, ఆ మాటను అక్కడే ఆపండి.

మిగిలిన రోజులు, ముఖ్యంగా రాత్రులు

ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు పని తీరేసరికి రాత్రి పది దాటుతుంది. అప్పటికి కడపలో పన్నెండున్నర, ఎందుకంటే మన గడియారం కువైట్ కంటే రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. ఇంట్లోవాళ్లు నిద్రపోయి ఉంటారు, అక్కడ పక్కన మాట్లాడే మనిషి లేదు. ఆ వేళకు ఫోను ఎత్తే పెద్దదిక్కు ఒకరున్నారని తెలియడం వారికి ఎంత ఊరటో, ఆ ఫోనులు విన్నవారికే తెలుస్తుంది. కాబట్టి తెల్లవారి నాలుగింటికి లేచే అలవాటు ఉన్నవారు దాన్ని కొంత సడలించుకొని, మధ్యాహ్నం భోజనం తరువాత తప్పక నిద్రపోయి, వారంలో నాలుగు రాత్రులు పదిన్నర నుండి పదకొండున్నర వరకు ఫోనుకు అందుబాటులో ఉండండి. ఏ నాలుగు రాత్రులో సంఘంలో ప్రకటించండి. ప్రతి రాత్రీ అని మాట ఇస్తే నెల తిరగకముందే ఒంటికి చెరుపు వస్తుంది, మాట తప్పవలసి వస్తుంది.

మీ ఇద్దరిలో ఈ ఫోనులు అమ్మగారి చేతిలో ఉండడం మంచిది. మాట్లాడేవారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. చెప్పవలసిన బాధలు మగవాడికి చెప్పలేనివి ఉంటాయి. అయ్యగారు పక్కనే ఉండి, అవసరమైతే కాగితం మీద రాసుకోవచ్చు. బయట ఎవరినైనా కలవవలసి వస్తే ఇద్దరూ కలిసే వెళ్లాలి, ఈ నియమానికి మినహాయింపు పెట్టుకోకండి. విన్న మాట విన్నచోటే ఉండాలి. శుక్రవారం ప్రార్థనాంశాలలో ‘ఫలానా సహోదరి యజమానితో ఇబ్బంది పడుతోంది’ అని పేరు పెట్టి చెప్పడం ప్రార్థన కాదు, ఆ మాట సాయంత్రానికి మాలియా దాటి, రాత్రికి రాయచోటి చేరుతుంది.

ఫోనులో వినేవి చాలావరకు ఇంటి బెంగ, బిడ్డల చదువు, పంపిన డబ్బు భర్త ఏం చేశాడన్న దిగులు. వీటికి జవాబు చెప్పాలని తొందరపడకండి. వినండి, చిన్న ప్రార్థన చేయండి, వారం తరువాత మీరే ఫోను చేసి అడగండి. రెండవసారి మీ అంతట మీరు అడగడమే వారికి నమ్మకం కలిగిస్తుంది.

జీతం ఇవ్వకపోవడం, కొట్టడం, తిండి పెట్టకపోవడం వంటివి వింటే మాత్రం ఊరడింపుతో ఆగకూడదు. కువైట్‌లో ఇంటిపనివారి కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించని పని, వారానికి ఒక సెలవు రోజు, జీతంతో కూడిన వార్షిక సెలవు, పని ముగించేటప్పుడు ఇవ్వవలసిన సొమ్ము అందులో ఉన్నాయి. పాస్‌పోర్టును పనిమనిషి ఒప్పుకోలు లేకుండా యజమాని తన దగ్గర ఉంచుకోకూడదు. చట్టం ఉన్నంత మాత్రాన ప్రతి ఇంట్లో జరుగుతుందని కాదు గాని, తనకు హక్కు ఉందని తెలిసిన మనిషి మాటలో బలం ఉంటుంది. ఆమె సమ్మతితో పూర్తి పేరు, పాస్‌పోర్టు నంబరు, సివిల్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) నంబరు, అకామా (నివాస అనుమతి) ఏ తరగతిదో, యజమాని ఫోను, ఇల్లు ఉన్న ప్రాంతం, ఊరిలో ఒకరి నంబరు రాసుకోండి. ఇళ్లలో పనిచేసేవారి అకామా 20వ నంబరు తరగతికి, కంపెనీలలో పనిచేసేవారిది 18వ తరగతికి చెందుతుంది. ఫిర్యాదు ఎక్కడికి వెళ్లాలో దీన్నిబట్టి తేలుతుంది. తరువాత సంఘ పెద్దలతో కలిసి భారత రాయబార కార్యాలయానికి విషయం చేర్చండి. విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఇంటివాళ్లు కడప నుండే ఫిర్యాదు నమోదు చేయవచ్చు, ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్ఆర్‌టీఎస్ సహాయ కేంద్రానికి తెలుగులోనే చెప్పుకోవచ్చు.

ఇంటి నుండి బయటపడి వచ్చిన మనిషిని జాలితో మీ గదిలో దాచకండి. యజమాని పరారీ కేసు పెడితే దాచినవారూ నేరస్థులవుతారు, ఆమె కేసు బలహీనపడుతుంది. అన్నం పెట్టి, ధైర్యం చెప్పి, సంఘ పెద్దను వెంటబెట్టుకొని నేరుగా ఎంబసీకి తీసుకువెళ్లండి. ఇటువంటి ఆడవాళ్ల కోసం అక్కడ ఆశ్రయం ఉంది. “నేను నిన్ను ఇంటికి చేరుస్తాను” అని మాత్రం ఎన్నడూ మాట ఇవ్వకండి. చేర్చగలిగేది మీరు కాదు.

శనివారం ఉదయం పిల్లలకు సండే స్కూలు పాఠం, సాయంత్రం కుటుంబాలతో నివసించేవారి ఇళ్లలో ప్రార్థన పెట్టుకోవచ్చు. సోమవారం మార్కెట్టు, బట్టలు, బిల్లులు, ఇంటికి ఫోనులు. మధ్యలో ఒక సాయంత్రం ఆసుపత్రిలో ఉన్నవారిని చూడడానికి ఉంచుకోండి. ఫర్వానియా, జలీబ్, మహబూలా, ఫహాహీల్ అన్నీ ఒక్క రోజులో తిరగాలని చూడకండి, ఒక వారం ఒక ప్రాంతం చాలు. ఎక్కడికి వెళ్లినా సివిల్ ఐడీ గాని, వీసా కాగితంతో కూడిన పాస్‌పోర్టు గాని వెంట ఉండాలి. గురువారం ఎవరినీ కలవకుండా శుక్రవారానికి సిద్ధపడండి.

ఆ దేశపు కట్టుబాట్లు

ముస్లింలకు మతప్రచారం చేయడం కువైట్‌లో నిషేధం. కరపత్రాలు పంచకండి, వీధిలో సాక్ష్యం చెప్పకండి. మీరు వెళ్లింది మీ సొంత సంఘపు బిడ్డల కోసం అన్నది మరువకండి. అపార్ట్‌మెంటులో ప్రార్థన పెట్టినప్పుడు డోలక్, తాళాలు పక్కనపెట్టి, మెల్లగా పాడండి. పొరుగువారి ఫిర్యాదు ఒక్కటి వస్తే ఆ ఇంటి కుటుంబానికి గండం. అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం అక్కడ చట్టవిరుద్ధం, కనుక ఊరిలో గుడి కట్టడానికో, ఎవరి వైద్యానికో మీరు చేయి చాచకూడదు. కానుక ఏదైనా సంఘం ద్వారానే జరగాలి. ఎవరైనా తమ పొదుపు సొమ్ము, బంగారం మీ దగ్గర దాచమన్నా, ఇంటికి చేర్చమన్నా మృదువుగా కాదనండి.

ఆరాధన ఫొటోలు ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. యజమానికి చెప్పకుండా వచ్చినవారు, ఇంట్లో మరో మతం ఉన్నవారు ఆ వరుసలలో ఉంటారు. మనకు అది ఒక జ్ఞాపకం, వారికి ఉద్యోగమే పోవచ్చు.

రంజాను, ఎండాకాలం, పండుగలు

రంజాను నెలలో వారం మొత్తం మారుతుంది. పగలు బహిరంగంగా తినడం, తాగడం 1968 నాటి చట్టం ప్రకారం నేరం, అది మనకూ వర్తిస్తుంది. మధుమేహం ఉన్నవారు ఉదయపు పనులన్నీ ఇంటి దగ్గరే పెట్టుకోవాలి. ఇఫ్తారు వంటలు, రాత్రి అతిథులు కలిసి ఇంటిపనివారికి ఆ నెల నడుము విరిగే పని. ఫోనులు తెల్లవారుజామున వస్తాయి, ఆరాధనకు వచ్చేవారు సగానికి తగ్గుతారు. ఆ నెల కొత్త కార్యక్రమం ఏదీ పెట్టకండి.

ఎండ సంగతి కడపవాళ్లకు చెప్పాలా అనిపించవచ్చు. చెప్పాలి. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులైలో నమోదైన 53.9 డిగ్రీలు ఆసియా ఖండంలోనే అత్యధికం. జూన్ 1 నుండి ఆగస్టు 31 వరకు పగలు 11 నుండి 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని అక్కడి ప్రభుత్వమే నియమం పెట్టింది. అదే నియమాన్ని మీ నడకకూ పెట్టుకోండి. ఆ మూడు నెలలు నడక మాల్‌లో, చలికాలంలో సముద్రపు ఒడ్డున. జనవరి రాత్రులు మన ఊరి చలికంటే బాగా గట్టివి గనుక స్వెటరు, మఫ్లరు పెట్టెలో ఉండాలి.

క్రిస్మస్ అక్కడ సెలవు కాదు, సాధారణంగా దగ్గరి శుక్రవారానికి పండుగ జరుపుకుంటారు. గుడ్ ఫ్రైడే ఎలాగూ సెలవు రోజే వస్తుంది, ఈస్టరు మాత్రం పనిదినాన వస్తుంది. కాబట్టి ఆ పునరుత్థాన ఆరాధన సూర్యోదయానికి ముందో, రాత్రి పొద్దుపోయాకో ఉండేలా పెద్దలతో మాట్లాడండి. రాలేని ఇంటిపనివారి కోసం ఆ ఉదయం ఒక కీర్తన, ఒక వాక్యం ఫోనులో రికార్డు చేసి పంపితే వారు పని మధ్యలో వింటారు.

మీరిద్దరూ

నలభై ఏళ్లు ఉద్యోగం, బంధువులు, వీధి మధ్య బతికిన ఇద్దరు మనుషులు ఒక చిన్న ఫ్లాటులో ఇరవై నాలుగు గంటలు ఒకరికొకరు ఎదురుగా ఉండడం తేలిక కాదు. ఇంట్లో పనిని పంచుకోండి. ఫోనుల భారం అమ్మగారిదైతే, గిన్నెలు, కూరగాయలు అయ్యగారివి కావాలి. రాగిపిండి, చెనిక్కాయలు అక్కడి భారతీయ దుకాణాలలో దొరుకుతాయి, సంగటి మానుకోనవసరం లేదు. విన్న కష్టాలు రాత్రి నిద్ర పట్టనివ్వకపోతే సంఘ కాపరితో వారానికి ఒకసారి కూర్చొని, పేర్లు చెప్పకుండానైనా మనసు దింపుకోండి. మనవళ్లతో మాట్లాడే వేళ ఏ సేవ కోసమూ వదులుకోవద్దు. కడపలో రాత్రి ఎనిమిది అంటే అక్కడ సాయంత్రం ఐదున్నర, అది మీకూ తీరిక వేళే.

తిరుగు ప్రయాణానికి నెల ముందు నుండి కొత్తగా ఫోను చేసేవారిని సంఘంలోని ఒక నమ్మకమైన సహోదరికి పరిచయం చేస్తూ రండి. మీతో చెప్పుకున్నవారిని ఒక్కొక్కరిగా అడిగి, ఒప్పుకున్నవారి వివరాలు మాత్రమే కాపరికి అప్పగించి, మిగిలిన కాగితాలు చించివేయండి. కడప చేరాక మొదటి నెలలోనే, వెళ్లేముందు చూసిన ఇళ్లకు మళ్లీ వెళ్లి, వారి బిడ్డ ఎలా ఉందో ఆమె చెప్పమన్నంత వరకే చెప్పండి.